సహాయకులు: కోడలు

వాసంతి అత్తగారి ఎడమకాలికి నూనె రాస్తుండగా సదానందం సార్ కాగితాలతో గుమ్మంలోకి వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, ఇప్పుడు ఈ అపార్ట్‌మెంటు కమిటీకి ప్రెసిడెంటు. ఆదివారం పొద్దున పదింటికి ఫైర్ డ్రిల్లు ఉందనీ, గంట మోగగానే అందరూ మెట్ల మీంచి దిగి గేటు ముందు నిలబడాలనీ చెప్పి, నాలుగో అంతస్తు కాగితం ఆమె ముందు పెట్టాడు. "నడవలేనివారు: ఒకరు. సహాయకులు: కోడలు. సంతకం పెట్టమ్మా, మీ ఇంటిది పక్కాగ రాసిన" అన్నాడు.

చేతులకు నూనె ఉందని వాసంతి సంతకం తప్పించుకుంది. కోడలట. పేరు కూడా రాయలేదు పెద్దమనిషి. మంటలు ఆర్పే ఎర్ర సిలిండరు ఏ గోడకు ఉందో రాసినట్టే కోడలు ఏ అంతస్తులో ఉందో రాసుకున్నాడు. ఆ సిలిండరునైనా ఏడాదికోసారి ఎవరో వచ్చి పనిచేస్తుందా లేదా అని చూసిపోతారు.

రెండు నెలల కింద సెల్లార్‌లో కరెంటు మీటర్లు అంటుకున్నప్పుడు ఇంట్లో ఉన్నది కూడా ఆ కోడలే. లిఫ్టు ఆగిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు దడదడా దిగిపోయింది, ఒక్క తలుపు కొట్టిన పాపాన పోలేదు ఎవరూ. వాసంతి అత్తమ్మ చంకల కింద చేతులు పెట్టి లేపబోయింది. అత్తమ్మ యాదవ్వ డెబ్బై రెండు కిలోలు, తను యాభై. పక్షవాతం వచ్చిన మనిషిని ఒంటరిగా ఎత్తడం ఎత్తినవాళ్లకే తెలుస్తుంది. హాలు దాటేసరికే నడుం పట్టేసింది. తడిపిన చీరలు తలుపు సందుల్లో కుక్కి, ఇద్దరూ బాల్కనీలో దగ్గుకుంటూ గంటన్నర కూర్చున్నారు. కింద గేటు దగ్గర భర్త ఉమాకాంత్ కనిపించాడు. సుబేదారిలో ఇన్సూరెన్సు ఆఫీసులో పని అతనికి, ఊరందరికీ ప్రమాదాల గురించి జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం. ఫోన్ చేసి, "ఫికర్ చెయ్యకు, ఫైరింజన్ వస్తాంది. అమ్మ దగ్గర నువ్వున్నవ్ గదా" అన్నాడు.

ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం. కానీ ఆమె ఇప్పటికీ ఆ మాటనే మళ్లీ మళ్లీ తిరగేసుకుంటోంది. అమ్మ ఒక్కతే ఉండుంటే పరుగెత్తుకుంటూ వచ్చేవాడే కదా. తను పక్కన ఉంది కాబట్టి అమ్మకు ఫరవాలేదు. మరి తనకు? తనను కూడా దింపాలన్న ఆలోచన కింద నిలబడ్డ అరవై మందిలో ఒక్కరికీ రాలేదు. పరకాల బడిలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పింది వాసంతి. అత్తమ్మ మంచాన పడగానే, "బడికి ఇంకో టీచర్ దొరుకుతది, అమ్మకు ఎవలు దొరుకుతరు" అని మాన్పించారు. ఆ లెక్కల బుర్ర ఇప్పుడు కూరగాయలు తరుగుతూ కూడా ఊరుకోదు. మెట్లు డెబ్బై ఆరు, మలుపులు ఏడు. ఎటు తిప్పి చేసినా నలుగురు మనుషులు కావాలి. ఒక్క మనిషితో ఆ లెక్క తేలడం లేదు.

సాయంత్రం ఉమాకాంత్‌తో చెప్పింది. నలుగురి పేర్లు రాయిద్దాం, రెండుమూడు సార్లు దింపి చూద్దాం అని.

"చిన్నదానికి పెద్దగ చేస్తానవ్. డ్రిల్లంటే ఉత్తదే. ఆ దినం మీరిద్దరు ఇంట్లనే ఉండున్రి, ఎవలేమంటరు" అన్నాడు టీవీ మీంచి చూపు తీయకుండా.

లోపలి గదిలోంచి యాదవ్వ పిలిచింది. కొత్తవాడలో నలభై ఏళ్లు మందపాటి నూలు జంపఖానలు నేసిన మనిషి. మాట కొంచెం వంకర పోయింది గానీ బుర్ర ఎక్కడికీ పోలేదు.

"నన్ను కుర్చీల కూసోవెట్టి దింపితే మలుపుకాడ పడత. బీరువాల నేను నేసిన జంపఖాన ఉన్నది. దాంట్ల పండవెట్టి, నాలుగు మూలలు చేతులకు చుట్టుకోని నలుగురు పట్టాలె. కాళ్లు ముందుకుండాలె. ఎంత బరువేసినా అది పిగలదు, నాకెరుక."

"పట్టెటోళ్లు ఏరి అత్తమ్మా?"

"నువ్వు పక్కన ఉన్నన్ని దినాలు ఎవలు రారు. ఆదివారం గంట కొట్టంగనే నువ్వు దిగిపో."

"నిన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టా?"

"నిజం మంట గాదు గదనే. బాల్కనీల నాకు సావంటే భయం గాలే. నా ఎంబడి నువ్వు గూడ పోతవని భయమైంది."

పదిహేనేళ్లుగా కూరలో ఉప్పు గురించి తప్ప ఈమె తనతో మాట్లాడింది లేదు. వాసంతి దుప్పటి సర్దుతున్నట్టు వంగి కళ్లు తుడుచుకుంది.

ఆదివారం ఉమాకాంత్ బ్యాటరీ మైకు సర్దడానికి ముందే దిగిపోయాడు. సదానందం సార్ మెయిన్ ఆఫ్ చేయించాడు, లిఫ్టు ఆగింది. గంట మోగింది. వాసంతి అత్తమ్మ కుడిచేతికి ఫోన్ అందించి, తలుపు బార్లా తెరిచిపెట్టి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. మూడో అంతస్తు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఏం మనిషినే నువ్వు, వెనక్కి పో అని లోపల ఎవరో తిడుతున్నారు. ఆ తిట్టేది తన గొంతేనని గుర్తుపట్టి, రెయిలింగు గట్టిగా పట్టుకుని దిగింది.

"నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు" అని సదానందం సార్ మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"టైం ఆపకున్రి సార్. నాలుగో అంతస్తుల మనిషున్నది" అంది వాసంతి.

ఆయన కాగితం చూసుకుని, మళ్లీ ఆమెను చూశాడు. "సహాయకులు నువ్వే గదమ్మా. నువ్వు ఈడున్నవేంది?"

"గంట కొడితే అందరు దిగాలన్నరు. దిగిన."

ఉమాకాంత్ దగ్గరికొచ్చి పళ్ల మధ్య నుంచి అన్నాడు. "అమ్మను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి రానీకి నీకు మనసెట్లొచ్చింది?"

"మంటలొచ్చిన దినం పైన ఇద్దరం ఉంటిమి. కింద నిలబడనీకి మీకు మనసెట్లొచ్చింది?"

గొంతు పెంచలేదు, అయినా మైకు దగ్గర కావడంతో అందరికీ వినిపించింది. ఉమాకాంత్ ముఖం కందగడ్డలా అయింది. మెట్ల వైపు నడిచాడు. రెండో అంతస్తు హరీష్, వాళ్ల తమ్ముడు భరత్, ఎదురింటి సారంగపాణి అతని వెంట కదిలారు. నాలుగు మెట్లెక్కి ఉమాకాంత్ ఆగాడు. "ఎట్ల ఎత్తాలె? నువ్వు రా, చెప్దువు."

"అత్తమ్మనడుగున్రి. ఎట్ల ఎత్తాలెనో ఆమెకే ఎరుక."

చెప్పి, కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

ఒక్కో మలుపు దగ్గరా యాదవ్వ గొంతు వినిపించింది. "కాళ్లు ముందుకు. హరీషూ, మూల జారుతాంది. జర నిమ్మలం." నలుగురూ చెమటలు కక్కుతూ జంపఖానను గేటు ముందు దించారు. యాదవ్వ తల తిప్పి సదానందం సార్‌ను అడిగింది.

"ఎంతసేపైంది సారూ?"

"ఇరవై మూడు నిమిషాలమ్మా."

"గంతసేపు పొగల బతుకుతనా నేను? గీ నలుగురి పేర్లు రాస్కో. కరెంటు అప్పుడే ఎయ్యకు." ఆమె నలుగురి ముఖాలూ వరసగా చూసింది. "ఊఁ, పట్టున్రి. నన్ను మల్ల పైకి తీస్కపోన్రి. ఇంకోపారి దింపాలె."

నలుగురూ ఒక్కసారే వాసంతి వైపు చూశారు. ఆమె కుర్చీలోంచి లేవలేదు.