ఖాళీ క్యాసెట్ డబ్బా

మా ఆయనకు లేదు అనడం రాదు. ఆ ఒక్క కారణానికే స్టీల్ ప్లాంటులో ఆయన షిఫ్టు వాళ్ళంతా ఆయన్ని దేవుడంటారు. ఇచ్చే వస్తువులన్నీ నావి కాబట్టి ఆ పేరులో సగం నాకు రావాలి. నాకు వచ్చింది పిసినారి అన్న పేరు.

గాజువాకలో మేం అద్దెకుండే ఇంటి ముందు గదిలో ఒక అద్దాల అల్మరా ఉండేది. అందులో నా క్యాసెట్లు. పెళ్ళికి ముందు పెందుర్తిలో జాకెట్లు కుట్టి కుట్టి ఒక్కొక్కటే కొనుక్కున్నవి. వీణ ఉంది, సన్నాయి ఉంది, పాత సినిమా పాటలున్నాయి. పాత చీర ముక్కతో ప్రతి ఆదివారం తుడిచి మళ్ళీ వరసలో నిలబెట్టేదాన్ని. మా ఆయన పేరు శ్రీరామ్మూర్తి. ఆయన స్నేహితులు టీ తాగడానికి వచ్చి, గ్లాసు కింద పెట్టిన చేత్తోనే అల్మరా తలుపు తీసేవారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికే "తీసుకెళ్ళు బావా, ఏటుంది అందులో" అని మా ఆయన అనడం వినబడేది.

వెళ్ళినవి ఎలా తిరిగొచ్చేవో చెప్పాలి. ఒకటి ఎవరిదో ఆటోలో అద్దం దగ్గర ఎండకు పడుండి అప్పడంలా వంకర తిరిగి వచ్చింది. వీణ క్యాసెట్‌కు చేపల పులుసు మరక. ఇంకో డబ్బాలో నాది కాక ఎవరిదో ఇంగ్లీషు నేర్పే క్యాసెట్ ఉంది. దాని గురించి అడిగితే, పోన్లే ఇంగ్లీషు నేర్చుకో అన్నాడు మా ఆయన. చాలావరకు తిరిగి రానేలేదు. నేను గోల పెట్టినప్పుడల్లా ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది: "క్యాసెట్టే కదే." ఆ 'కదే' చెవిన పడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయన బండి మీద ఎవరైనా గీత పెడితే, 'బండే కదండీ' అని ఒక్కసారి అని చూడాలని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు. పై అరలో ఎడమ చివర నిలబెట్టిన క్యాసెట్ ఒక్కటీ ఒక ఎత్తు.

దాని పేరు 'కడలమ్మ పాటలు'. పాడింది నేను.

పెళ్ళికి రెండేళ్ళ ముందు, తొంభై నాలుగులో, నాకు హార్మోనియం మీద సంగీతం చెప్పిన భీమశంకరరావు మాస్టారు సముద్రపు తల్లి మీద పాటలు కట్టారు. డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న కంపెనీవాళ్ళు, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించిన గదిలో నన్ను నిలబెట్టి, ఫ్యాన్ ఆపేసి పాడించారు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకూడదు, గాజుల చప్పుడు వస్తుందని. అట్ట మీద నా పేరు అచ్చు వేశారు. కంపెనీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. మాస్టారు పోయారు. నాకిచ్చిన క్యాసెట్లలో ఒకదాని మీద మా పిన్ని కొడుకు సినిమా పాటలు ఎక్కించేసుకున్నాడు. మిగిలినవీ అలాగే చుట్టాల ఇళ్ళల్లో కలిసిపోయాయి. చివరికి ఒకటే మిగిలింది. దాని మీద ఎవరూ ఇంకేదీ ఎక్కించకుండా వెనకవైపు చిన్న పలకలు రెండూ నేనే విరగ్గొట్టాను. మా పుట్టింట్లో నా గొంతు అంటే అదే, అత్తారింటికి వచ్చాక నేను మళ్ళీ పాడలేదు.

పెళ్ళిచూపుల్లో మా నాన్న ఆ క్యాసెట్‌ను బిస్కెట్ల పక్కన పెట్టాడు. శ్రీరామ్మూర్తి దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, బాగుంది అన్నాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి పెట్టాను. మొదటి పాట మొదలయ్యేలోపే వీధిలోంచి ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు. ఇంకోసారి పెడితే, భక్తి పాటలు పండక్కి విందాంలే అన్నాడు. మూడోసారి నేను పెట్టలేదు. తనంతట తనే అడుగుతాడని ఆరేళ్ళు చూశాను.

రెండువేల రెండు వేసవిలో గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక కంప్యూటర్ షాపువాడు బోర్డు పెట్టాడు, క్యాసెట్ ఇస్తే సీడీ చేసి ఇస్తామని. ఆ బోర్డు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క క్యాసెట్ సీడీ చేయిస్తే ఇంక భయం లేదు, నా గొంతు పోదు. ఇంటికి పరుగున వచ్చి అల్మరా తెరిచి, పై అరలో డబ్బా తీశాను. చేతికి తేలిగ్గా తగిలింది.

తెరిచాను. అట్ట ఉంది, దాని మీద జ్యోతిర్మయి అని నా పేరుంది. క్యాసెట్ లేదు.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పక ముందే అడిగాను.

"అదా, మా షిఫ్టు గంగరాజుకిచ్చినాను. ఆళ్ళ జాలారిపేటలో అమ్మోరి పండక్కి మైకులో ఏసుకుంటామన్నాడు. అమ్మోరి పాటలే గదా అని ఇచ్చినాను."

ఆ పండగ ఎప్పుడో చలికాలంలో అయిపోయింది. మరి డబ్బా ఎందుకు ఉంచారని అడిగాను.

"డబ్బా పగిలిపోద్ది కదే. జాగర్తగా ఉంటాదని ఉంచినాను," అన్నాడు.

అంటే చలికాలం నుంచి ప్రతి ఆదివారం నేను ఖాళీ డబ్బాను తుడుస్తున్నాను. మిగతావాటితో పాటు గబగబా తీసి పెడుతుంటే బరువు తేడా తెలియలేదు. తుడిచి, నా పేరు బయటికి కనబడేలా నిలబెడుతున్నాను. ఆయన ఆ ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ, అందులో ఏమీ లేదని తెలిసి కూడా చూస్తున్నాడు. ఆ పూట నేను అన్నం వండలేదు.

ఆ ఆదివారం ఆయన్ని లాక్కుని బండి మీద పెదజాలారిపేట బయలుదేరాను. సింధియా దాటేదాకా ఒకటే జాగ్రత్తలు చెప్పాడు. గంగరాజు మంచివాడు, ఎన్నోసార్లు తన బదులు డ్యూటీ చేశాడు, అక్కడ గట్టిగా మాట్లాడితే తను రేపు వాడి ముఖం ఎలా చూడాలి. నా ముఖం ఆరేళ్ళుగా ఎలా చూస్తున్నాడో ఆ బాధ ఆయనకు లేదు.

గంగరాజు డ్యూటీలో ఉన్నాడు. వాళ్ళమ్మ అప్పాయమ్మ ఒడ్డున చేపలు ఎండబెడుతోందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఇసక దిగుతుండగా మా ఆయనకు రొయ్యల గంపలు కనబడ్డాయి. నువ్వు మాట్లాడుతుండు, ధర కనుక్కుని వస్తానని అటు వెళ్ళిపోయాడు. నేను ఒక్కదాన్నే నడిచాను.

పాత వలలు పరిచి వాటి మీద నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఆరబోసి ఉన్నాయి. చుట్టూ కర్రలు పాతి, కర్ర నుంచి కర్రకు సన్నటి గోధుమరంగు పట్టీ కట్టారు. గాలికి అది ఎండలో తళతళా మెరుస్తూ జుమ్మని మోగుతోంది. ఆ మెరుపుకీ మోతకీ కాకులు దగ్గరికి రాకుండా దూరంగా పడవల మీద కూర్చుని అరుస్తున్నాయి. మంచి ఉపాయమే అనుకుంటూ వెళ్ళినదాన్ని చివరి కర్ర దగ్గర ఆగిపోయాను. పట్టీ కొస ఇంకా ఒక క్యాసెట్‌లోనే ఉంది. దాన్ని కర్రకు కట్టారు. ఉప్పుగాలికి అక్షరాలు సగం చెరిగినా 'కడలమ్మ' అన్నంత వరకు చదవగలిగాను. వెనక్కి తిప్పి చూశాను. చిన్న పలకలు రెండూ విరిగి ఉన్నాయి.

వలల మధ్య వంగి నెత్తళ్ళు తిరగేస్తున్న ముసలావిడను చూసి ఎన్ని మాటలన్నానో నాకే గుర్తు లేదు. ఒకరి వస్తువు తెచ్చుకుని తిరిగివ్వాలన్న ఇంగితం లేదా అన్నాను. పాడైతే వచ్చి చెప్పే నోరు లేదా అన్నాను. మనిషి గొంతు తీసి కాకులకు కడతారా అన్నాను. పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. అప్పాయమ్మ చేతిలో పని ఆపలేదు. నాకు ఊపిరి అందక ఆగిన తర్వాత నడుం పట్టుకుని లేచింది.

"తిట్టమ్మా. నీ వొస్తువు పాడుసేసినాం, తిట్టాల. మావోడు సెప్తాడనుకున్నాను, ఆడు సెప్పనేదు. కానీ ఊరికే పారేసినామనుకోకు. పండగయిపోనాక కూడా మా ఇంట్లో అదే పాట. పొద్దున్నే పొయ్యి ముట్టించేతలికి ఆ పిల్ల గొంతు ఇనపడాల నాకు. ఒకపాలి టేపు సిక్కడిపోనాది, తీసి అతికించినాం. మల్లీ తెగిపోనాది, మల్లీ అతికించినాం. ఆకరికి కీసుమనడమే గానీ పాట నేదు. పారేద్దునా అంటే మనసొప్పనేదు. అమ్మోరి పాట గదా, సేపల్ని కాసుకుంటాదని కట్టినాను."

ఆమే మళ్ళీ అంది.

"ఆ పిల్ల పాడిందే ఇంకోటుంటే ఇప్పించమ్మా. ఈపాలి జాగర్తగా సూసుకుంటాం."

"ఆ పిల్ల నేనే," అన్నాను.

అప్పాయమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆశ్చర్యపడలేదు, పొగడలేదు. "అయితే పాడు," అని మళ్ళీ నెత్తళ్ళ మీదకు వంగింది.

ఎందుకు పాడానో తెలియదు. కోపంతోనే పాడాను. గొంతు బొంగురుపోయి ఉంది, పై స్థాయికి వెళ్ళేసరికి జీరపోయింది.

"అలల మీద అడుగులేసి రావమ్మా, మా వలల మీద చెయ్యి వేసి పోవమ్మా..."

మొదటి చరణం మాటలు మాత్రం సాఫీగానే వచ్చాయి. రెండో చరణం సగంలో మాట దొరకలేదు. నా పాటే, నోట్లోనే ఉంది, రావడం లేదు. ఆగిపోయాను. అప్పాయమ్మ తల ఎత్తకుండానే ఆ ముక్క అందించింది.

"పోయినోల్ల పేర్లు నీకు ఎరుకమ్మా."

మాస్టారు రాసిన మాటలే. నేను రికార్డింగ్‌లో ఎక్కడ ఊపిరి తీసుకున్నానో ఆమె కూడా సరిగ్గా అక్కడే తీసుకుంది. ఆ ఊపిరి విన్నాక నాకు ఏడుపొచ్చింది. మిగతా పాట ఇద్దరం కలిసి పూర్తి చేశాం.

అప్పాయమ్మ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. వస్తువు పాడైతే వచ్చి చెప్పాలి, అది మర్యాద. కానీ ఆమె అరగదీసింది విని విని. విన్నవాళ్ళు పాడుచేసిన దానికంటే వినకుండా ఇచ్చేసిన మనిషి పాడుచేసింది ఎక్కువ. ఇన్నాళ్ళూ నేను తిట్టుకోవలసిన చోట తిట్టుకోలేదు.

పాట అయిపోతుండగా ఆయన వచ్చాడు. చేతిలో రొయ్యల సంచి.

"దొరికిందేటి క్యాసెట్టు?"

కర్రల వైపు చూపించాను. చూశాడు. అర్థమయ్యేందుకు కాసేపు పట్టింది.

"పోన్లే జ్యోతీ. క్యాసెట్టే కదే."

"అందులో పాడింది ఎవరు?" అన్నాను.

"నువ్వే. తెలుసులే."

"ఒక పాటలో ఒక్క ముక్క చెప్పండి."

నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. అప్పాయమ్మ వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు, సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అమ్మోరి పాట కదా. తల్లీ అని ఏదో ఉంటాది," అన్నాడు.

ఆ రోజు నేను ఆయన బండి ఎక్కలేదు. సిటీ బస్సులో ఇంటికి వచ్చాను. టేపు తెచ్చుకోలేదు, అక్కడే ఉండనిచ్చాను. అల్మరాలో ఖాళీ డబ్బా తీసి ఆయన కుర్చీలో పెట్టాను. ఆయన వచ్చి, దాన్ని పక్కకు జరిపి కూర్చున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు గంగరాజు షిఫ్టులో చెప్పినట్టున్నాడు, శ్రీరామ్మూర్తి భార్య క్యాసెట్లో పాడిన మనిషని, వాళ్ళమ్మ ఆమె పాటంటే ప్రాణం పెడుతుందని. మా ఆయనకు కొత్త గౌరవం వచ్చింది. నేను ఆదివారాలు వీలైనప్పుడు బస్సెక్కి జాలారిపేట వెళుతున్నానని, చేపల దగ్గర కూర్చుని పాడుతున్నానని కూడా ఆయనకు తెలుసు.

వినాయక చవితి వెళ్ళాక ఒక సాయంత్రం నలుగురు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అల్మరాలో ఇవ్వడానికి ఇంక ఏమీ మిగల్లేదు. టీ తాగడం అయ్యాక, గ్లాసు కింద పెట్టి, అందరి ముందూ నా వైపు తిరిగి, ఎప్పుడూ క్యాసెట్లు తీసిచ్చేటప్పటి గొంతుతోనే అడిగాడు.

"ఏదీ జ్యోతీ, ఆ పాటేదో ఓపాలి పాడు. మావోల్లు ఇంటారంట."

నలుగురూ నా వైపే చూస్తున్నారు. ఆయనకు రాని మాట ఒకటుంది. అది నాకు వచ్చు.

"లేదు," అని, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.