గ్రేసీ పాఠాల షరతులు

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని జీవితమంతా దస్తావేజులు రాసినవాడికి నాలుగు షరతులు రాయడం ఒక లెక్కా? దయానంద్ అలాగే అనుకున్నాడు. ఆయన భార్య గ్రేసీ సైన్సు టీచరు, పోయినేడు చనిపోయింది. తను టేపుల్లో చెప్పిపెట్టిన పాఠాలు ఊరూరికీ ఉచితంగా పోవాలన్నది ఆమె కోరిక. దయానంద్ నెట్ సెంటరువాళ్ల చేత వెబ్‌సైటు చేయించి, టేపులన్నీ అందులోకి ఎక్కించి, వాడుకునేవాళ్లకు షరతులు మాత్రం తనే రాశాడు.

"సదరు పాఠములను వాడుకొను యావన్మందియు వాటియందు ఎట్టి మార్పులు చేయరాదు. విరుద్ధముగా నడచిన యెడల కోర్టు వ్యవహారములకు బాధ్యులు" అని అచ్చం క్రయపత్రమే దింపాడు మహానుభావుడు!

ఇంకెవరు తీసుకుంటారు? రోజూ నెట్ సెంటరుకు పోయి చూడటం, ఉసూరుమంటూ తిరిగి రావడం. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. టేపు పెట్టుకుని, గ్రేసీ మాట వింటూ అన్నం తినేవాడు. ఆమ్లాలూ క్షారాలూ ఆయనకు కంఠతా వచ్చేశాయి.

ఒకరోజు కార్వేటినగరం నుంచి నవీన అనే టీచరు ఫోన్ చేసింది.

"సార్, మీ షరతులు సదివితే బయమేసింది. వాడుకుంటే కేసు పెడతారా?"

"కేసేందమ్మా! అందరికీ ఊరికినే కదా ఇచ్చింది!"

"ఆ ముక్క యాడుండాది సార్ దాంట్లో? ఇంకోటి... మేడం గొంతు శానా మెల్లగా ఉండాది. ఎనక బెంచీ పిల్లోళ్లకు ఇనపడదు. నా గొంతుతో చెప్పి రికార్డు చేసుకోవచ్చా?"

గొంతు కూడా పోతే గ్రేసీది ఇంకేం మిగులుతుంది అనుకున్నాడు దయానంద్. 'మార్పులు చేయరాదు' అని రాసింది అందుకే. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాడు.

ఆ పూట అన్నం ముందు టేపు పెట్టాడు. పాఠం మధ్యలో గ్రేసీ ఎప్పటిలాగే ఆగి అడిగింది: "ఎనక కూర్చున్నోళ్లకు ఇనపడతా ఉండాదా?"

"ఇనపడలేదంట గ్రేసీ" అన్నాడు పైకే. అని, కంచం ముందే బావురుమన్నాడు.

మర్నాడు పాత షరతులు తీసేయించి కొత్తవి పెట్టించాడు. "ఈ పాఠాలు ఎవరైనా ఉచితంగా తీసుకోండి, పంచండి. మార్చి మీ గొంతుతో చెప్పుకోండి. మొదట చెప్పింది గ్రేసీ టీచరని మాత్రం చెప్పండి. మీరు మార్చినవీ ఇలాగే అందరికీ ఇవ్వండి."

కొన్నాళ్లకు నవీన క్లాసులోంచే ఫోన్ చేసింది.

"ఇనండి సార్. పిల్లలూ, ఈ పాఠం ఎవురిది?"

"గ్రేసీ టీచర్ది!" అని ఒక్కసారే అరిచారు పిల్లలు.

ఆమెను మట్టిలో పెట్టిన రోజు తర్వాత ఆ పేరు ఇంకొకరి నోట ఆయన వినలేదు.

"ఇంగొక్కసారి చెప్పించమ్మా" అన్నాడు దయానంద్.