బడి గేటు దగ్గర మొదటి నంబరు

ముప్పై ఏళ్లుగా పోలింగు రోజున మా ఊరి బడి గేటు దగ్గర ఎర్ర రిబ్బను పువ్వు పెట్టుకుని నిలబడేది నేనే. ఓటేసి వచ్చినవాళ్లు తమ పార్టీ మనిషికి ఓటరు నంబరు చెప్పి పోతారు. పొద్దున్నే ఏడింటికి నేను రాసుకునే మొదటి నంబరు మా అన్నయ్య ఆర్చీది. బొగ్గుగనిలో పనిచేసిన మనిషి, మా లేబర్ పార్టీ అంటే ప్రాణం.

కిందటి సెప్టెంబరులో మా స్కాట్లాండు వేరే దేశంగా విడిపోవాలా వద్దా అని ఓటు పెట్టారు. విడిపోదామన్నాడు అన్నయ్య. వద్దంది మా పార్టీ. అది చెప్పడానికి, మాకెప్పుడూ ఎదురుపార్టీ అయిన టోరీలతో కలిసి ఒకే బల్ల వేసుకుని కరపత్రాలు పంచాం. గెలిచాం కూడా. ఏం గెలుపో, మా మొహం! తన గని మూయించిన ఆ టోరీల పక్కన చెల్లెలు నవ్వుతూ నిలబడిందని అన్నయ్య నాతో మాటలు మానేశాడు.

ఎనిమిది నెలలకే పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. మా సీటు పోతుందని నాకు తెలుసు. పోతే పోనీ, అన్నయ్య వచ్చి తన నంబరు నాకు చెబితే చాలనుకున్నాను.

తలుపులు తీయగానే వచ్చాడు. ఓటేసి బయటికొస్తుంటే పెన్సిలు పట్టుకుని ఎదురెళ్లాను. నన్ను దాటుకుని, పసుపు రిబ్బనుతో నిలబడ్డ, విడిపోదామనే నేషనలిస్టు పార్టీ పిల్ల దగ్గరికి పోయాడు.

"నూట పద్నాలుగు, తల్లీ."

వెనకే వెళ్లాను.

"అన్నయ్యా, నాన్నుంటే ఏమనేవాడు?"

"నాన్నుంటే ఆ బల్ల దగ్గర్నుంచి నిన్ను చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. పార్టీని నేను వదల్లేదే, మోయిరా. మీరే అమ్ముకుతిన్నారు."

అంతలో నీలం రిబ్బను పెట్టుకున్న కార్మైకేల్ గారు తన ఓటు వేసి వచ్చారు. పళ్ల డాక్టరుగా చేసి రిటైరైన టోరీ పెద్దమనిషి, ఆ బల్ల దగ్గర నా పక్కన నిలబడ్డది ఆయనే.

"రాసుకోమ్మా, నూట నలభై రెండు. ఈసారి మీకే వేశాను. మావాడు ఎలాగూ గెలవడు, ఆ నేషనలిస్టులనైనా ఆపాలిగా!"

అన్నయ్య విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. పడీపడీ నవ్వినా బాగుండేది. నా వైపు జాలిగా చూశాడు.

"ఇంటికి పోవే. చలిగా ఉంది," అన్నాడు, మెల్లగా. వెళ్లిపోయాడు.

కళ్లు తుడుచుకుని కాగితం తీశాను. మొదటి వరుసలో, ముప్పై ఏళ్లు మా అన్నయ్య నంబరు రాసినచోట, కార్మైకేల్ గారి నంబరు రాశాను.