తలుపవతలి ఫైనల్

కాలరు దగ్గర గుడ్డ పలచబడిపోయింది. వెలుతురుకి పట్టి చూస్తే అవతలి గోడ కనిపిస్తోంది. ఏడేళ్ళ కూతురు మిలాగ్రోస్ స్కూలుకి వేసుకునే తెల్ల పైగౌను అది. ఎవరింట్లోనైనా దాన్ని ఆదివారం ఒక్కసారి ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలిస్తారు. నొయేలియా మాత్రం ఈ ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలైన దగ్గర్నుంచి, మనవాళ్ళ ఆట ఉన్న ప్రతిసారీ, ఆట మొదలై ముగిసేదాకా ఆ ఒక్క గౌనునే ఇస్త్రీ చేస్తూ వచ్చింది. ఆరు ఆటలు అలాగే గడిచాయి. ఇవాళ జర్మనీతో ఫైనల్. ఇవాళా వంటింటి వెనక రేకుల గదిలో, బట్టలుతికే మెషిన్‌కీ నీళ్ళతొట్టికీ మధ్య తలుపు వేసుకుని నిలబడి, అదే గౌను మీద అదే ఇస్త్రీపెట్టె తోస్తోంది.

ఇదంతా మొదటి ఆట నాడు వచ్చిపడింది. ఆ రోజూ ఆదివారమే. గౌను ఇస్త్రీ చేసేసి తీరిగ్గా కూర్చుందామని ఆమె ఈ గదిలోకి వచ్చీ రాకముందే ముందుగది దద్దరిల్లింది. గోల్. పరుగున వెళ్ళి సోఫా చివర కూర్చుంది. కూర్చున్నంతసేపూ బంతి మొండికేసింది. పని సగంలో ఉందని మళ్ళీ ఇటు వచ్చిందో లేదో, రెండో గోల్. ఆనందం పట్టలేక గుమ్మం దాకా పోయింది. అందరూ లేచి నిలబడి ఉన్నారు, వాళ్ళ వీపులే కనపడ్డాయి. అంతలో అవతలి జట్టు మన మీద ఒకటి కొట్టింది. ఫాబియాన్ టీవీ వైపు చూడలేదు, వెనక్కి తిరిగి పెళ్ళాం వైపు చూశాడు. "బక్కదానా, నువ్వు లోపలికి పో" అన్నాడు. ముద్దొచ్చినా కోపమొచ్చినా అతను ఆమెను అలాగే పిలుస్తాడు.

ఈ లానూస్ ఊళ్ళో సెంటిమెంటు లేని ఇల్లు లేదనుకోండి. మరిది ఒమార్ నెలరోజులుగా ఉతకని మేజోళ్ళతోనే ఆటకి వస్తాడు, వాటి కంపు వాటిది. అత్తగారు దోన్యా నేలిదా లుహాన్ మేరీమాత పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఫాబియాన్ సోఫాలో కూర్చోడు, సోఫా చెయ్యి మీద ఒంటిపిర్ర మీద కూర్చుంటాడు. మిలాగ్రోస్‌కి చిన్న పీట. ఎవరి చోటు వాళ్ళది, కదిలితే కొంప మునిగిందన్నమాటే. నొయేలియాకి వచ్చిన చోటు ఈ గది. వాళ్ళ చోట్లన్నీ టీవీకి ఎదురుగా ఉన్నాయి, అంతే తేడా.

ఆమె పళ్ళ డాక్టర్ల క్లినిక్‌లో రిసెప్షన్ చూస్తుంది. మూడో ఆట పనిరోజు మధ్యాహ్నం వచ్చింది. డాక్టర్లూ, దవడలు వాచి వచ్చిన పేషెంట్లూ అందరూ టీవీ ముందు చేరారు. "నొయే, ఫోన్లు నువ్వు చూసుకుంటావుగా" అన్నాడు పెద్ద డాక్టరు, అడిగినట్టు కాకుండా. ఆట మొదలవబోతుండగా ఫాబియాన్ ఫోన్ చేశాడు. "గౌను తీసుకెళ్ళావా?" తీసుకెళ్ళింది, హ్యాండ్‌బ్యాగులో మడిచి. చీపుళ్ళూ ఫినాయిలూ పెట్టే చిన్న గదిలోకి పోయి, ఇస్త్రీపెట్టె లేదు గనక అరచేత్తోనే గౌను సాపు చేస్తూ నిలబడింది. నవ్వొస్తుంది కదూ. ఆమెకీ వచ్చింది. ఆ రోజు మూడు గోల్స్ కొట్టి గెలిచారు. ఆ తర్వాత నుంచి ఆమెకి నవ్వు రాలేదు, ఎందుకంటే ఎక్కడో ఒక మూల ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది. సెమీఫైనల్ పెనాల్టీల్లో గెలిచిన రోజు ఫాబియాన్ పరిగెత్తుకొచ్చి ఆమెను గాల్లోకి ఎత్తేశాడు. "గెలిపించింది నువ్వే" అన్నాడు. ఒమార్ గ్లాసు పైకెత్తి "మా వదిన ఇస్త్రీకి" అన్నాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళలో అందరూ కలిసి ఆమెను మెచ్చుకున్నది అదే మొదలు. పొంగిపోయింది. పొంగిపోయినందుకు ఆ రాత్రి పడుకున్నాక సిగ్గుపడింది.

నిన్న అడిగింది. గిన్నెలు తోముతూ, పెద్ద సంగతేం కాదన్నట్టు, "ఫాబియాన్, ఫైనల్ నేనూ చూస్తాను" అంది.

"పిచ్చా నీకు?"

"మూల నిలబడతాను. మాట్లాడను."

"ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఫైనల్‌కొచ్చాం. నీ ముచ్చట కోసం దేశం నోట్లో మట్టి కొట్టమంటావా? గెలిచాక మళ్ళీ మళ్ళీ వేస్తారు, అప్పుడు తనివితీరా చూసుకో."

"మగవాళ్ళ ముచ్చట, దాన్ని పాడుచెయ్యకమ్మా" అంది అత్తగారు ముందుగదిలోంచి. "నేనూ చూస్తున్నాను కదా అనకు. నాది మంచి పాదం."

ఆ ఇరవై నాలుగేళ్ళ కిందటి ఫైనల్ నొయేలియా చూసింది. అదీ జర్మన్లతోనే. ఎనిమిదేళ్ళ పిల్ల, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తండ్రి మోకాళ్ళ మధ్య కూర్చుని చూసింది. నాన్నకి సెంటిమెంట్లు లేవు. బంతి ఎవరి కాలి దగ్గరుందో కాదు, ఖాళీ ఎక్కడుందో చూడు తల్లీ అని నేర్పాడు. చివర్లో పెనాల్టీ పడి ఓడిపోయారు. నాన్న వెక్కివెక్కి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం ఆమె అంతకుముందు చూడలేదు. కాసేపటికి లేచి మొహం కడుక్కుని, ఆమెకు కోటు తొడిగి, "పద. గెలుపు ఇంట్లో కూర్చునైనా అనుభవించొచ్చు, ఓటమికి పదిమంది కావాలి" అన్నాడు. వీధిలో జనం కావిలించుకుని ఏడుస్తున్నారు, ఏడుస్తూనే పాడుతున్నారు. నాన్న ఆమెను భుజాల మీదికెక్కించుకున్నాడు. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆయనే ఉంటే ఈ గది తలుపు తీసి, "ఇక్కడేం చేస్తున్నావే" అని ఉండేవాడు. అప్పుడు తను ఏం చెప్పేది?

ఈ గదిలో ఒక కిటికీ ఉంది. దాని అవతల పక్కింటి దోన్ ఒస్వాల్దో పెరడు. ముసలాయనకి టీవీ వాళ్ళ వ్యాఖ్యానం గిట్టదు, గుమ్మంలో కుర్చీ వేసుకుని రేడియో పెట్టుకుంటాడు. రేడియో మాట కేబుల్ టీవీ బొమ్మ కన్నా నాలుగైదు క్షణాలు ముందొస్తుంది. ఆ సంగతి నొయేలియాకి రెండో ఆటకే తెలిసిపోయింది. ఇంట్లో ఏ గోలైనా ముందు తెలిసేది ఆమెకే. తెలిసి, ఇస్త్రీపెట్టె పట్టుకుని, ముందుగది ఎప్పుడు అరుస్తుందా అని ఎదురుచూసేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కిటికీ కూడా మూయిస్తారు.

ఇవాళ రేడియో ఒకసారి గోల్ అని అరిచింది. ఆమె గౌను గుండెలకి హత్తుకుంది. అంతలోనే, కాదు, ఆఫ్‌సైడ్ అంది. సున్నా సున్నాగానే ఆట సమయం అయిపోయింది. అదనపు సమయం ఇచ్చారు. బయట చీకటి పడింది. కాళ్ళు లాగేస్తున్నాయి, కూర్చోకూడదు, ఎప్పుడూ కూర్చోలేదు గనక. మగవాళ్ళు మైదానంలో ఎంతసేపు పరిగెత్తారో ఆమె అంతసేపూ నిలబడే ఉంది. నీళ్ళబాటిల్ కూడా ఎవరూ ఇవ్వలేదు.

తలుపు కిర్రుమంది. మిలాగ్రోస్.

"నువ్వెందుకు లేచావే? పీట మీదికి పో."

"అమ్మా, నాకు భయంగా ఉంది. నాన్న ఊపిరి కూడా తీసుకోవట్లేదు."

"పో మిలి. చోటు వదలకూడదు."

"నువ్వూ రా. సందులోంచి చూద్దువుగాని. ఎవరూ వెనక్కి తిరగట్లేదు."

నోరు తెరిచి మళ్ళీ కసరబోయి ఆగింది నొయేలియా. తన గొంతులో అత్తగారి గొంతు వినిపించింది. పిల్ల వచ్చి నడుము చుట్టూ చేతులు వేసి, మొహం పొట్టలో దాచుకుంది. అప్పుడు, కిటికీ అవతల, రేడియోలో మనిషి గొంతు పడిపోయింది. అరుపు కాదు. ఉన్నట్టుండి గొంతు జీరబోయి, జర్మనీ, గోల్, అన్నాడు. దోన్ ఒస్వాల్దో కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది.

ముందుగదిలో ఇంకా తెలియదు. "తీసెయ్, తీసెయ్ దాన్ని, కొట్టు అవతలికి" అని అరుస్తున్నాడు ఫాబియాన్. ఆ అరుపులో ఇంకా ఆశ ఉంది. ఆ నాలుగు క్షణాలూ ఆమెకి ఆ ఇంట్లోవాళ్ళందరి మీదా భరించలేనంత జాలేసింది. తలుపు తీసి అందరినీ ఒక్కసారి కావిలించుకోవాలనిపించింది. మిలాగ్రోస్ తలెత్తి చూసింది. పిల్ల కూడా విన్నది. తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పుడు ముందుగదిలో ఎవరో కడుపులో గుద్దినట్టు మూలిగారు.

ఆ తర్వాత కాసేపటికి ఆట అయిపోయింది.

ఆమె బయటికొచ్చేసరికి ఫాబియాన్ నేల మీద కూర్చుని జెండాలో మొహం పెట్టుకున్నాడు. ఒమార్ గోడకి తల ఆనించి ఏడుస్తున్నాడు. నొయేలియా అలవాటుగా వంటింట్లోకి పోయి, మాతే అనే ఆకుల తేనీరు కాయడానికి కెటిల్‌లో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. ఇల్లు ఏడుస్తుంటే నీళ్ళు పెట్టడం ఆమె వంతు. ఏడుద్దామంటే ఆమెకు రావడం లేదు. దేని కోసం ఏడవాలి? అందరి కళ్ళలోనూ ఏదో జరిగిపోయింది, ఆమె కళ్ళలో ఒక పాత గౌను మడతలున్నాయి. వాళ్ళు గెలుపు పంచి ఇవ్వలేదంటే సరేననుకుంది. ఓటమి కూడా ఆమెకు దక్కనివ్వలేదు. అది ఇప్పుడు తెలిసింది.

వెళ్ళి భర్త పక్కన కూర్చుని వీపు నిమిరింది. అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిజం చెప్పు. బయటికొచ్చావా?"

"లేదు."

"ఒక్క క్షణం? మంచినీళ్ళకైనా?"

"లేదు ఫాబియాన్."

"ఊరుకో అన్నయ్యా" అన్నాడు ఒమార్. "ఆటన్నాక."

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ ఆడినవాళ్ళు ఎక్కడో రియోలో మోకాళ్ళ మీద కూలబడి ఉన్నారు. మద్దెల కోసం వెతుకులాట మాత్రం ఈ ఇంట్లో.

"పీట ఖాళీగా ఉంది" అంది దోన్యా నేలిదా. ఒళ్ళో మాత పటం తిరగేసి పెట్టుకుంది. "గోల్ పడేటప్పుడు పిల్ల పీట మీద లేదు. నేను చూశాను."

అందరూ మిలాగ్రోస్ వైపు తిరిగారు.

"అమ్మ దగ్గరికెళ్ళాను నాన్నా. కొంచెంసేపే."

ఫాబియాన్ పిల్ల వైపు చూశాడు. మొదటి ఆట నాడు నొయేలియా వైపు ఎలా చూశాడో అలాగే చూశాడు.

"తల్లి పోలికే" అంది అత్తగారు. కోపంతో అనలేదు, అలసటతో అంది. "వచ్చే కప్పుకి దీన్ని కూడా వాళ్ళమ్మతో పాటు అక్కడే ఉంచాలి."

ఎవరో ఒకరు కాదంటారని నొయేలియా చూసింది. ఎవరూ అనలేదు. ఒమార్ మేజోళ్ళు విప్పుకుంటున్నాడు. మిలాగ్రోస్ మెడ తిప్పి, తెరిచి ఉన్న ఆ రేకుల గది వైపు, మెషిన్‌కీ తొట్టికీ మధ్య ఉన్న జాగా వైపు చూసింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని, ధైర్యం చెబుతున్నట్టు మెల్లిగా అడిగింది.

"అక్కడ మనిద్దరం పడతాం కదమ్మా?"

నొయేలియా లేచి నిలబడింది.

"నేను బయటికి రాలేదు అత్తయ్యా" అంది. గొంతు పెంచలేదు. "మీరు ఉండమన్నచోటే ఉన్నాను. తలుపు వేసుకున్నాను. అదే గౌను. ఒక్కసారి కూర్చోలేదు. అయినా ఓడిపోయాం. దేవుడు మేలు చేశాడు."

"ఏమన్నావు?" ఫాబియాన్ జెండా వదిలేశాడు.

"మేలు చేశాడన్నాను. గెలిచి ఉంటే నన్ను చచ్చేదాకా ఆ గదిలోనే ఉంచేవాళ్ళు. నా తర్వాత దీన్ని."

అన్నాక తనని తనే ప్రశ్నించుకుంది. ఓడినందుకు సంతోషిస్తున్నానా? లేదు. లోపల నాన్న పోయిన రోజులాంటి దిగులు. దిగులు పక్కనే, ఇరుకు గదిలో కిటికీ తెరిచినట్టు ఇంకేదో. రెండూ నిజమే. ఒకటి ఉందని రెండోదాన్ని దాచాల్సిన పని లేదనుకుంది. గదిలోకి పోయి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. పిల్లకి కోటు తొడిగింది, తనూ వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఫాబియాన్. అతని గొంతులో కోపం లేదు, ఒంటరిగా వదిలేస్తే చిన్నపిల్లాడు అడిగినట్టు ఉంది. అదే ఆమెను ఎప్పుడూ ఆపేది. ఇవాళా కాసేపు ఆపింది.

"వీధిలోకి. రావాలనుంటే నువ్వూ రా" అంది. "నీళ్ళు పొయ్యి మీదున్నాయి. మరగనివ్వకు, మాతే పాడవుతుంది."

రోడ్డంతా జనం. చలికి ముక్కులెర్రబడి, ఏడుపుకి ఇంకా ఎర్రబడి. ఎవరో డప్పు కొడుతున్నారు. మూల మీది పిజ్జా కొట్టులో టీవీ నడుస్తోంది, అద్దం బయట పదీ పదిహేనుమంది నిలబడి చూస్తున్నారు. మిలాగ్రోస్ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"మనం చూడొచ్చా అమ్మా?"

నొయేలియా వంగి, పిల్లను భుజాల మీదికెక్కించుకుంది. బరువే. అద్దం దగ్గరికి నడిచింది. ఎవరో ముసలావిడ, ముక్కు చీదుకుంటూనే, పక్కకి జరిగి చోటిచ్చింది. ఎవరమ్మా నువ్వు, నీ పాదం ఎలాంటిది అని ఆవిడ అడగలేదు.

టీవీలో మళ్ళీ వేస్తున్నారు. ఎడమ పక్కనుంచి బంతి గాల్లోకి లేచింది. ఆమె నాన్న చెప్పినట్టు బంతిని కాకుండా ఖాళీని చూసింది. అక్కడ, ఇద్దరు మనవాళ్ళ మధ్య, జర్మన్ కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ఎవరూ చూసుకోలేదు. బంతిని ఛాతీ మీద ఆపి, నేలకి తగలనివ్వకుండా కొట్టాడు. వల ఊగింది.

ఈ ప్రపంచకప్పులో ఆమె తన కళ్ళతో చూసిన మొదటి గోల్ అదే. అప్పుడు ఏడుపొచ్చింది. ముసలావిడ భుజం మీద చెయ్యి వేసింది. మళ్ళీ మొదటినుంచి వేశారు. నొయేలియా కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.