సికుజువా అత్త బరువు

సికుజువా అత్త బస్సెక్కబోతే కండక్టరు ముందుగా అడిగే మాట ఒకటే: "అమ్మా, ఇవాళ మనసెలా ఉంది?" బాగుందంటే కిటికీ పక్కన సీటు. బాగోలేదంటే టైర్ల వైపు చూసి దేవుణ్ణి తలుచుకునేవాడు. కోపమొస్తే ఆవిడ బరువెక్కిపోతుంది మరి. మొగుడు బతికున్న రోజుల్లో ఇంట్లో గచ్చు పగలని నెల లేదు. సంతోషమొస్తే దూదిపింజే. దార్ ఎస్ సలామ్‌లో ఇదో వింతా? ఎవరి ఒళ్ళు వాళ్ళది.

ఆవిడ మేనకోడలు జుహురా ఉద్యోగమూ బరువుల లెక్కే. యూనివర్సిటీలో పొడవాటి కాలవలో మనుషుల్ని నడుముకి తాడు కట్టి నడిపించి, నీళ్ళు వదులుతుంది. ఎంత లోతులో, ఎంత వేగంలో, ఎంత బరువున్న మనిషికి కాలు జారుతుందో చూసి కంప్యూటర్లో లెక్క కడుతుంది. వానొస్తే ఏ వీధి ఎప్పుడు మూసెయ్యాలో దాన్నిబట్టి చెప్పొచ్చని ఆమె ఆశ. ఓ రోజు అత్తనీ నడిపించింది. ఆ పూట అత్తకి పక్కింటావిడతో తగువు. పంపులన్నీ వదిలినా కదల్లేదు సరికదా, "ఇంతేనా మీ నీళ్ళు?" అంది. కోపానికి లెక్కలో చోటు లేక జుహురా ఆ అంకె కొట్టేసింది.

ఆ ఆదివారం ఇద్దరూ మగోమెని పేటలో పెళ్ళికొడుకు ఫరాజీ ఇంటికి బయల్దేరారు, జుహురా పెళ్ళి ఖాయం చేసుకోవడానికి. తండ్రి లేని పిల్లకి మేనత్త మాటే మాట, ఆవిడ ఊ అంటే అయిపోయినట్టే. అత్తకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు, నిజంగానే. జుహురాకి మాత్రం ఆ పెళ్ళి ఇష్టం లేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా అత్త మొహం చూసి మూసుకుంది.

జంగ్వానీ వంతెన దగ్గర రోడ్డంతా నీళ్ళు. బస్సు ఆగిపోయింది. "మోకాలు లోతుకేనా ఈ హడావిడి? దిగవే" అంది అత్త. సగం దూరం వెళ్ళేసరికి నీళ్ళు తొడల్దాకా వచ్చాయి. వరదలో చేతులు ఖాళీగా ఉంచుకోండని ఊరంతటికీ చెప్పే జుహురా, ఊళ్ళో అందరిలాగే ఒక చేత్తో కొత్త చెప్పులు, ఇంకో చేత్తో గౌను అంచు పట్టుకుని నడుస్తోంది. కాలు జారింది. చెప్పులొదిలేసి అత్తని పట్టుకుంది. తీరా చూస్తే అత్తే తేలిపోతోంది!

"అత్తా, కోప్పడవే!"

"శుభమా అని వెళ్తుంటే కోపమేంటే?"

"నీ వంట గడ్డి!"

అత్త పకపకా నవ్వింది, ఇంకాస్త తేలింది. "మీ మామయ్యా అదే అనేవాడు!"

"నీకు అరవై దాటాయని అందరికీ చెప్పేశా!"

"దాటాయి కదే, పిచ్చిదానా!"

ఇద్దరూ వంతెన కిందికి కొట్టుకుపోతున్నారు. జుహురా "నాకీ పెళ్ళి ఒద్దు!" అని అరిచింది.

నవ్వు ఆగింది. అత్త కాలివేళ్ళు నేలకి ఆనాయి. "ఎందుకొద్దూ?"

"ఉద్యోగం మానెయ్యమన్నాడు. మనుషుల్ని నీళ్ళలో పడేసే పని ఆడదానికెందుకన్నాడు."

మడమలూ ఆనాయి. "ఆహా. ఇంకా?"

జుహురాకి ఏడుపొచ్చేసింది. "నిన్ను పెళ్ళికి పిలవొద్దన్నాడు. కుర్చీలు విరుగుతాయట. జనం నవ్వుతారట."

ధన్‌మని రోడ్డు అదిరింది. అత్త చీలమండల్దాకా తారులో దిగబడి నిలబడింది. వరద ఆవిడకి అటో పాయ ఇటో పాయగా చీలిపోయింది. జుహురా ఆవిడ నడుం పట్టుకుంటే, కొట్టుకొస్తున్న ఓ కూరగాయలావిడ జుహురా నడుం పట్టుకుంది, ఆమెనో పోలీసాయన పట్టుకున్నాడు.

"ఎప్పుడన్నాడు?"

"పోయిన నెల. నువ్వు బాధపడతావని..."

"నా బాధ కోసం వాణ్ణి కట్టుకుందామనుకున్నావా, పిచ్చి మొహమా?" రోడ్డు ఇంకో బెత్తెడు కుంగింది.

అవతల గట్టుమీద ఫరాజీ గొడుగు ఊపుతూ, "రండత్తయ్యా, భోజనాలు సిద్ధం!" అని కేకేశాడు.

"నువ్వే తిను నాయనా! కుర్చీ జాగ్రత్త!" అని అరిచి, అత్త ఒక్కొక్క కాలే తారులోంచి పీక్కుంటూ ఇంటివైపు తిరిగింది. వెనకాల ఒకరి నడుం ఒకరు పట్టుకుని జనమంతా కదిలారు.

కొంతదూరం పోయాక అత్త నడక కాస్త తేలికపడింది.

"ఏమే, వాడు ఇంకేమేం అన్నాడో చెప్పు. గట్టింకా దూరముంది."

జుహురా ఈసారి ఒక్క ముక్క కూడా దాచుకోలేదు.