రంగు కింది మొహం

దేవుడు కూడా పొరపాటు పడతాడా అన్న సందేహం రీళ్లక్కకు పెళ్లికాకముందు నుంచీ ఉంది. ఆడది ఆడదాన్నీ, మగాడు మగాణ్నీ ప్రేమిస్తే తప్పన్నారు పెద్దలు. మరి ఆ మనసు పెట్టిందెవరని అడిగితే నోరు మూసుకోమన్నారు. మూసుకుంది. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న వచ్చి పక్కన కూర్చునేది.

పాత సినిమా రీళ్లు శుభ్రం చేయడం ఆమె ఉద్యోగం. ఈసారి చేతికొచ్చింది, అలాంటివాళ్లు కెమెరా ముందు కూర్చుని తమ బతుకులు తామే చెప్పుకున్న మొట్టమొదటి డాక్యుమెంటరీ. మిగిలింది ఒక్క ప్రింటే. అందులో టైపిస్టుగా పనిచేసే ఒకావిడ మొహం మీద ప్రతి ఫ్రేములోనూ నల్లటి మరక. బూజనుకుని, ఊపిరి బిగబట్టి, దూదిపుల్లతో తుడిచింది. నవ్వుమొహం బయటపడేసరికి పొంగిపోయి, రీలంతా కంప్యూటర్లోకి ఎక్కించి, దర్శకురాలిని పిలిపించింది.

ముసలి దర్శకురాలు తెర చూడగానే కుర్చీలో కూలబడింది.

"కొంప ముంచావు కదే అమ్మాయ్! అది బూజు కాదు, నేనే కుంచెతో పూసిన రంగు. మొహం కనపడనివ్వనని టైపిస్టుకి మాటిచ్చాను."

రీళ్లక్క గబుక్కున తెర ఆపేసింది. సాయంత్రమే ప్రదర్శన. కాపీ కోసం హాలువాళ్ల మనిషి వరండాలో కూర్చునే ఉన్నాడు.

"ఆవిడ ఇంకా బతికే ఉన్నారా అమ్మా?"

"చెల్లెలింట్లో ఉంది. వాళ్లకి ఈ సంగతి తెలీదు."

ఫోన్ చేస్తే టైపిస్టు "వస్తున్నా" అని పెట్టేసింది. ఆమె వచ్చేదాకా దేవుణ్ని ఏం కోరాలో తెలియక రీళ్లక్క ఉత్త పేరే తలుచుకుంటూ కూర్చుంది. వరండాలో మనిషి రెండుసార్లు దగ్గాడు.

టైపిస్టు చేతికర్రతో వచ్చింది. తప్పు తనదేనంటూ రీళ్లక్క లేచి నిలబడింది.

"కొట్టాలనుంటే నన్ను కొట్టవే," అంది దర్శకురాలు.

"చెయ్యెత్తితే భుజం పట్టేస్తుంది, బతికిపోయావు. కంప్యూటర్లో మళ్లీ మూయొచ్చా అమ్మాయ్?"

"మూయొచ్చండీ. ఇప్పుడే మూసేస్తాను."

"మూసెయ్. చెల్లెలికి చెబితే నేను చెప్పాలి గానీ మీ తెర చెప్పకూడదు."

రీళ్లక్క మీట మీద వేలు పెట్టింది.

"ఆగాగు!" అని టైపిస్టు దర్శకురాలి వైపు తిరిగింది. "ఆ రోజుల్లో ఎవరైనా చూస్తారని హాలుకి రాలేదు నేను. నా ఒక్కదానికే వేసి చూపిస్తానన్నావు కదే! ఆ బాకీ తీర్చి మరీ మూయండి."

దర్శకురాలు లేచి వెళ్లి దీపం ఆర్పింది. రీళ్లక్క తలుపు గడియ వేసి, సినిమా మొదటి నుంచీ పెట్టింది.