కనబడ్తలేదు

హనుమకొండ చౌరస్తాలో ఆటో నడిపే ఫ్రాన్సిస్‌తో వాదం పెట్టుకుని గెలిచినవాడు లేడు. ట్రాఫిక్ పోలీసు నుంచి చర్చి పాస్టరు దాకా అందరూ ఎప్పుడో ఒకప్పుడు "సరే తియ్యి, నీదే రైటు" అని తప్పుకున్నవాళ్ళే. నోరు గలవాడిదే రాజ్యం అంటారు. ఫ్రాన్సిస్‌కు ఆటో తప్ప వేరే రాజ్యం లేదు గాని, ఆ మూడు చక్రాల మీద మాత్రం ఆయనే రాజు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని, ఎక్కినవాళ్ళ చేత దిగేలోపు ఒప్పించేవాడు.

ఆ నోరు ఒక్కసారే పడిపోయింది. పెళ్ళయిన కొత్తలో, ఆయనకూ భార్య ప్రసన్నకూ ఇద్దరికీ హెచ్ఐవి ఉందని సర్కారు దవాఖానలో చెప్పినప్పుడు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ ఆ ఇంట్లో జరగలేదు, ప్రసన్న జరగనివ్వలేదు. "వచ్చింది. గోలీలున్నయి. ఏసుకుందాం" అంది, అంతే. అప్పటినుంచి రోజూ అన్నం తిన్నాక చెరొక గోలీ వేసుకునేవాళ్ళు. ఈ సంగతి ప్రసన్న తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకసారి రక్తపరీక్ష ఫలితం చూసి దవాఖానలో కౌన్సెలర్ మేడం నవ్వుతూ చెప్పింది: "వైరస్ కనబడ్తలేదు ఫ్రాన్సిస్. గోలీలు మంచిగ పనిచేస్తున్నయి. ఇట్లనే ఏసుకుంట ఉండుండ్రి."

ఆమె చెప్పినవి మూడు మాటలు. ఫ్రాన్సిస్ చెవికి ఎక్కింది మొదటిది ఒక్కటే.

ఆ మాటకు ఆజ్యం పోసినవాడు సారంగపాణి సార్. రిటైరైన లెక్చరర్. ఆటో ఎక్కినవాళ్ళలో ఫ్రాన్సిస్ ఎదురు వాదించకుండా విన్నది ఆయన మాట ఒక్కటే. ఒకరోజు ఆయన మాటల మధ్యలో, "అసలు ఆ హెచ్ఐవి అనేదాన్ని కండ్లతోని చూసినోడు ఎవడయ్యా? అంతా మందుల కంపెనీల నాటకం. ఆ గోలీలే రోగం తెస్తున్నయి" అన్నాడు. ఫ్రాన్సిస్ ఆటో పక్కకు ఆపాడు. వెనక్కి తిరిగి, ఎవరికీ చెప్పని తన సంగతి ఆయనకు చెప్పేశాడు.

సార్ ఇంట్లో మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు హెచ్ఐవి ఉన్నవాళ్ళు కొందరు కలిసేవాళ్ళు. సార్ స్వయంగా చాయ్ పెట్టి ఇచ్చేవాడు. బయట గుసగుసగా కూడా అనలేని మాటను అక్కడ గట్టిగా అనొచ్చు. ఎవరూ చూపు తిప్పుకోరు, కప్పు వేరే పెట్టరు. నిజం చెప్పాలంటే అక్కడికి వచ్చేవాళ్ళకు సార్ వాదం సగమే అర్థమయ్యేది. వాళ్ళకు కావలసింది తలెత్తుకుని కూర్చునే చోటు. పాపం, దానికి వాళ్ళు చెల్లించిన వెల గోలీలు మానేయడం. ఫ్రాన్సిస్ కూడా మానేశాడు.

ప్రసన్న మానలేదు. పైగా అప్పుడే ఆమెకు నెల తప్పింది.

"వైరసే లేదన్నంక గోలీలెందుకే? కడుపుల బిడ్డకు విషం పోస్తానవా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"గోలీ ఇడువకుంట ఏసుకుంటే బిడ్డకు రాకుంట కాపాడొచ్చని డాక్టరమ్మ అన్నది. నువ్వూ ఇన్నవు."

"అది కంపెనీలు నేర్పిన మాట. సార్ అన్నీ సదివిండు." అక్కడినుంచి మొదలుపెట్టి, కూర మాడిపోయేదాకా చెప్పాడు. ప్రసన్న పొయ్యి ఆర్పేసింది.

"సరే, నువ్వే గెలిచినవు" అని, రెండు చీరలు, గోలీల డబ్బా సంచిలో పెట్టుకుని రఘునాథపల్లి బస్సెక్కి తల్లిగారింటికి వెళ్ళిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఫ్రాన్సిస్ ఇంట గెలిచాడు. ఇల్లు ఖాళీ అయింది.

చాలా రోజులు పట్టుదలతో ఆమెకు ఫోను కూడా చేయలేదు. ఈలోపు ఒళ్ళు చిక్కిపోవడం మొదలైంది. సాయంత్రానికి జ్వరం కాసేది. నాలుక మీద తెల్లగా పూత లేచి, పచ్చిపులుసు మింగినా భగ్గుమనేది. సార్ నాలుక చూసి, "పాత గోలీల విషం బయటికి పోతాంది. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నమ్మే చెప్పాడు. అదే ప్రమాదం.

ఆ గుంపులో యమున అని ఒక అమ్మాయి ఉంది. భర్త పోయాడు, మిషన్ కుట్టుకుని బతుకుతుంది. సార్ మాట మీద ఆమె కూడా గోలీలు మానేసింది. ఒక ఆదివారం మెట్ల మీద దగ్గుతూ ఆగి, "అన్నా, నీకు గూడ గిట్లనే అయితాందా?" అని అడిగింది.

"విషం పోతాంది చెల్లె" అన్నాడు ఫ్రాన్సిస్. ఇన్నేళ్ళలో తన మాట తనకే నమ్మబుద్ధి కాకపోవడం అదే మొదటిసారి. భయం వేసింది. తన గురించి కాదు, ప్రసన్న కడుపులో ఉన్న బిడ్డ గురించి. తను చెప్పింది నిజమైతే ఆమె బిడ్డకు విషం పోస్తోంది. అబద్ధమైతే? ఆ రెండో ప్రశ్న దగ్గర ఆయన ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. అందుకే ఆఖరిసారిగా వాదించి, ఆమెను ఒప్పించి తీసుకొద్దామని రఘునాథపల్లి బయల్దేరాడు. హైవే పొడవునా ఆమె అనబోయే ప్రతి మాటకూ జవాబు తయారు చేసుకున్నాడు.

అత్త మొగిలమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. బాప్తిస్మంలో ఆమెకు మరియమ్మ అని పేరు పెట్టారు గాని, ఆ పేరు దేవుడొక్కడికే గుర్తుంది. అల్లుణ్ణి చూసి చేట పక్కన పెట్టింది.

"ఏం బిడ్డా, మొత్తానికే కనబడ్తలేవు?"

వరంగల్ జిల్లాలో ఎవరిని ఈ మాట అడిగినా జవాబు ఒకటే. ఫ్రాన్సిస్ కూడా ఆలోచించకుండా అదే అన్నాడు. "ఏడికి పోత అత్తమ్మా? ఈడనే ఉన్న."

లోపల నుంచి నవ్వు వినిపించింది. నిండు కడుపుతో ప్రసన్న తలుపు పట్టుకుని నిలబడింది. నవ్వుతూనే ఉంది గాని కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

"అమ్మ కనబడ్తలేవన్నది. నువ్వు ఈడనే ఉన్ననన్నవు. మరి మేడం కనబడ్తలేదన్నదాన్ని ఎటు పంపినవు?"

హైవే పొడవునా కూడబెట్టిన జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరని పలకరింపుల్లోనే తెలిసిన ఊరివాడు, ప్రాణం మీదికొచ్చిన చోట ఆ తేడా మరిచిపోయాడు.

"నేనేమన్ననే గిప్పుడు?" అంది మొగిలమ్మ ఏమీ అర్థంకాక.

"నువ్వు మంచిగనే అన్నవమ్మా." ప్రసన్న గడప దాటి వచ్చింది. "గోలీలు దాన్ని అణిచిపెట్టినయి, అందుకనే రక్తం చూసే మిషిన్‌కు దొర్కలే. గోలీ ఇడిస్తే మల్ల లేస్తదని మేడం ఆనాడే చెప్పింది. నాలుక చూపెట్టు."

చిన్నపిల్లవాడిలా నాలుక చాపాడు. అది చూడగానే ప్రసన్న నవ్వు ఆగిపోయింది.

"నాకు వాదం రాదు. నువ్వు సచ్చిపోతవని నాకు భయమైతాంది. నాకు నువ్వు గావాలె" అంది.

ఆ మాటకు ఎదురు చెప్పే మొగవాడు ఉంటే ఉండొచ్చు. ఫ్రాన్సిస్ అంత మొండివాడు కాదు. మొగిలమ్మ చేట పక్కనే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు ఇద్దరూ దవాఖానకు వెళ్ళారు. తిట్లు తప్పవని తలవంచుకుని కూర్చున్నాడు ఫ్రాన్సిస్. మేడం తిట్టలేదు. "వచ్చినవు గద, అది చాలు" అని డాక్టర్ దగ్గరికి పంపింది. పరీక్షలు చేశారు, నాలుకకు మందిచ్చారు, గోలీలు మళ్ళీ మొదలుపెట్టారు. కొన్ని వారాలకు కారం తినగలిగాడు. ఆరోజు ఆటోలో ఎక్కినవాళ్ళందరికీ పచ్చిమిరపకాయ గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చాడు.

యమున దగ్గరికి కూడా వెళ్ళి జరిగింది చెప్పాడు. "సార్ ఏసుకోమంటే మల్ల మొదలువెడ్త అన్నా. ఎవ్వలు లేనప్పుడు ఆయనే నన్ను బిడ్డా అన్నడు" అందామె. సార్ దగ్గరికి వెళితే, "నువ్వు గూడ అమ్ముడువోయినవా?" అని తలుపు వేసుకున్నాడు.

పాప పుట్టింది. గ్రేస్ అని పేరు పెట్టారు. దవాఖానవాళ్ళు ఇచ్చిన చుక్కల మందు రోజూ ఫ్రాన్సిసే పోసేవాడు, ఒక్క బొట్టు కింద పడినా ప్రాణం విలవిల్లాడేది. ఆరు వారాలకు పాప కాలి మడమ నుంచి రక్తం తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిందని ఫోను వస్తే, ప్రసన్ననూ పాపనూ ఎక్కించుకుని ఆటోను దవాఖానకు ఉరికించాడు.

"పాపకు లేదు" అంది మేడం.

"లేదా, కనబడ్తలేదా?" అన్నాడు ఫ్రాన్సిస్.

మేడం నవ్వింది. "ఇప్పటికైతే లేదు. ఏడాదిన్నర దాక మధ్యమధ్యల పరీక్షలుంటయి. ప్రసన్న గోలీలు ఇడువలే, అదే కాపాడింది."

ప్రసన్న పాపను గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బయటికి వచ్చాక ఫ్రాన్సిస్ ఆటోను ఇంటివైపు కాక సారంగపాణి సార్ ఇంటివైపు తిప్పాడు.

"వాదం పెట్టుకుంటవా?" అంది ప్రసన్న.

"పెట్టుకోను."

తలుపు తీసిన సార్ ముందుకు ఫ్రాన్సిస్ పాపను చాపాడు. ఇవ్వజూపిన పసిబిడ్డను వద్దనడం ఎవరికి చాతనవుతుంది? సార్ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి.

"ప్రసన్న ఒక్కనాడు గూడ గోలీ ఇడువలే సార్. పాపకు రాలే" అన్నాడు ఫ్రాన్సిస్.

సార్ కుర్చీలో కూర్చున్నాడు. పాప ఆయన వేలు పట్టుకుంది. "నాకో తమ్ముడుండె" అన్నాడు సార్. "గీ గోలీలు ఇంక రాని కాలంల పోయిండు. తిరుగుబోతు రోగమని సుట్టాలు పాడె పట్టలే. అసలు గసొంటి రోగమే లేదంటే... ఆ మాట వాని మీద పడదు గద." ప్రసన్న వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీళ్ళు తాగి సార్ లేచి చెప్పులేసుకున్నాడు. "యమున ఇల్లు నీకు ఎరికేనా?" అన్నాడు.

యమున మిషన్ ముందు కూర్చుని ఉంది. సార్ గుమ్మంలో నిలబడి, "నీకు తప్పు చెప్పిన బిడ్డా. నడువు, దవాఖానకు పోదాం" అన్నాడు. యమున ఆయనను, వెనకాల ఉన్న ఫ్రాన్సిస్‌ను, ప్రసన్న చేతుల్లో పాపను మార్చి మార్చి చూసింది.

"అయితే ఆ రోగం ఉన్నట్టేనా సార్?"

"ఉన్నది బిడ్డా" అన్నాడు సారంగపాణి సార్. "నా తమ్మునికి గూడ ఉండె. వాని తప్పేం లేకుండె."